సీసా కన్నా ముందు బ్రష్షు

జగిత్యాల, ఆసిఫాబాద్ పల్లెల్లో యాప పుల్లతో పండ్లు తోముకునే ఇండ్ల నుంచి వచ్చినోళ్లం మేము. చిగుళ్ల నుంచి నెత్తురు వస్తే మా ఇండ్లలో "వేడి చేసింది" అంటారు. నలభై దాటకముందే అమ్మల పండ్లు కదలడం చూశాం. ఇప్పుడు మా పీజీ హాస్టల్ కిటికీల్లో మౌత్‌వాష్ సీసాలు కనిపిస్తున్నాయి. తప్పు లేదు. కానీ నెత్తురు వస్తోందని బ్రష్షే మానేసి, రెండు పూటలా రంగునీళ్లు పుక్కిలించే మిత్రులను చూశాక ఈ నాలుగు మాటలు రాస్తున్నాం. మాలో ఒకరిద్దరం అదే పని చేసినవాళ్లమే!

ఆ నెత్తురు చాలాసార్లు పాచి వల్ల వస్తుంది. పాచి అంటే చిగురు అంచున పెరిగే సూక్ష్మజీవుల జిగురు పొర. డెన్మార్క్‌లో హెరాల్డ్ లోయె అనే శాస్త్రవేత్త 12 మంది చేత పండ్లు తోముకోవడం మాన్పించాడు. వాళ్లలో ఎక్కువమంది మనలాంటి విద్యార్థులే. మూడు వారాల్లోపే అందరి చిగుళ్లు వాచాయి. మళ్లీ తోముకుంటే తగ్గాయి. 1965లో ఆ ఫలితాలు అచ్చయ్యాయి.

సీసాకు బలం లేదనడం లేదు. 1970లో ఆయనే, 0.2 శాతం క్లోర్‌హెక్సిడిన్ 10 మి.లీ. చొప్పున రెండు పూటలా పుక్కిలిస్తే కొత్త పాచి పట్టదని చూపించాడు. అయితే గట్టిపడి గార కట్టినదాన్ని ఏ సీసా ఊడగొట్టలేదు, డాక్టరు గీకి తీయాల్సిందే. వారాల తరబడి వాడితే పండ్లకు గోధుమరంగు మరకలు పడతాయి, నాలుక రుచి మారుతుంది. పప్పుచారు తేడాగా ఉందని వంటాయనను అనుమానించొద్దు! పేస్టుతో తోముకున్నాక అరగంట ఆగి పుక్కిలించాలి, అదీ డాక్టరు చెప్పినన్ని రోజులే.

ఇక డబ్బు సంగతి. 2024లో ఎనిమిది నుంచి పదో తరగతి ఆడపిల్లల కాస్మెటిక్ ఛార్జీలు నెలకు 75 నుంచి 275 రూపాయలయ్యాయి. సబ్బు, నూనె, పేస్టు అన్నీ అందులోంచే. చెల్లెండ్లారా, కుచ్చు వంగిన బ్రష్షు మూడు నెలలకోసారి మార్చుకోండి. సీసా తర్వాత.

2013లో మొదలైన ఆర్‌బీఎస్‌కే బృందాలు 18 ఏళ్ల లోపు పిల్లల్లో పుచ్చిపండ్లు చూస్తాయి. మా వయసు ఆ లెక్కలోకి రాదు. కాబట్టి వచ్చే వార్షికోత్సవానికి ప్రభుత్వ దవాఖాన నుంచి ఒక పండ్ల డాక్టరును పిలవాలని వార్డెన్ గారిని కోరుతున్నాం. వేదిక మీద ముఖ్య అతిథుల కుర్చీ ఒకటి తగ్గినా మాకు అభ్యంతరం లేదు.