ఆయిల్ తాగే పాత కారు

పరిగి నుంచి ఒక రిటైర్డ్ మాస్టారు ఉత్తరం రాశారు. ఆయన దగ్గరున్నది 1998 మోడల్ మారుతి 800. మూడుసార్లు రిజిస్ట్రేషన్ రెన్యూవల్ చేయించి, ఇప్పటికీ నడుపుతున్నారు. ‘కొన్నప్పటి నుంచి నేను తప్ప వేరేవాళ్లు స్టీరింగ్ ముట్టలేదు. రెండేళ్లుగా ఆయిల్ తాగుతోంది. ఒకసారి మార్చి మళ్లీ మార్చేలోపు మూడు నాలుగుసార్లు పైన పోయాల్సి వస్తోంది. మెకానిక్‌కు చూపిస్తే, సారూ, ఇంజన్ బోర్‌కొచ్చింది, దింపాలె అన్నడు. అతను చెప్పిన ఖర్చు, బండి అమ్మితే వచ్చే డబ్బుకన్నా ఎక్కువుంది. మా అబ్బాయేమో తుక్కు కింద ఇచ్చెయ్ నాయినా అంటున్నడు. ఏం చెయ్యమంటారు?’ అని అడిగారు.

ఇలాంటి ఉత్తరాలు తరచూ వస్తుంటాయి. కానీ చివర్లో మాస్టారు రాసిన ఒక్క వాక్యం దగ్గర ఆగిపోయాను. ‘ఎర్ర లైటు వెలిగినప్పుడల్లా మరిచిపోకుండా పోస్తూనే ఉన్నాను’ అన్నారు.

మాస్టారూ, ముందు ఆ లైటు సంగతి మాట్లాడుకుందాం. మిగతావన్నీ తర్వాత.

డ్యాష్‌బోర్డులో వెలిగే ఆయిల్ దీపం మట్టాన్ని చూపేది కాదు. పెట్రోలు ముల్లులాంటిదనుకుని చాలామంది పొరబడతారు. అది ఆయిల్ పీడనం పడిపోయిందని చెప్పే దీపం. ఇంజిన్ అడుగున ఉన్న పంపు ఆయిల్‌ను పీల్చి పైకి తోస్తేనే క్రాంకు షాఫ్టు, దాని బేరింగులు ఒకదానికొకటి తగలకుండా పలుచటి ఆయిల్ పొర మీద తేలుతూ తిరుగుతాయి. మట్టం బాగా తగ్గాక మలుపులోనో, బ్రేకు వేసినప్పుడో ఆయిల్ ఒక పక్కకు జరిగిపోయి పంపు నోట్లోకి గాలి వెళ్తుంది. అప్పుడు లైటు మిణుకుమంటుంది. అంటే, ఆ లైటు వెలిగే క్షణానికే లోపల లోహం లోహాన్ని రాసుకోవడం మొదలై ఉంటుంది. మారుతి 800లో పట్టేదే మూడు లీటర్లకు అటూ ఇటూగా. అందులో రెండు పోతే, మిగిలిన ఒక్కటే మూడింటి చాకిరీ చెయ్యాలి. ఆ ఒక్కటీ తొందరగా కాగి పలచబడుతుంది, తొందరగా కాలిపోతుంది. మీ బండి ఇంతవరకు పట్టెయ్యకపోవడం అదృష్టమే అనుకోండి. ఇకమీదట ఆ లైటు వెలిగితే ఉన్నచోటే పక్కకు తీసి ఇంజిన్ ఆపెయ్యండి. పోసేదాకా స్టార్టు చెయ్యొద్దు.

ఇప్పుడు అసలు ప్రశ్న. ఎంత తాగుతోంది? ‘మూడు నాలుగుసార్లు’ అంటే లెక్క కాదు. ఒకసారి పోసేది పావు లీటరా, లీటరా? ఎన్ని కిలోమీటర్లకు? లెక్కల మాస్టారో తెలుగు మాస్టారో మీరు రాయలేదు కానీ, ఒక నోటు పుస్తకం మాత్రం పెట్టండి. పొద్దున్నే, ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు, బండి చదునైన చోట ఉండగా గేజీ పుల్ల తీసి తుడిచి, మళ్లీ పెట్టి చూడండి. సరిగ్గా పై గీత దాకా పోయండి. మీటరు రీడింగు రాసుకోండి. ఆ తర్వాత పోసే ప్రతి చుక్కా గీతలున్న సీసాతో కొలిచి పోసి, 1000 కిలోమీటర్లకు మొత్తం ఎంతైందో చూడండి. పాత ఇంజిన్‌కు 1000 కిలోమీటర్లకు పావు లీటరు, ఆ పైన కాస్త పడితే నేనైతే బెంగ పెట్టుకోను. లీటరు దగ్గరికొస్తే మాత్రం వెతకాల్సిందే.

మన ఊళ్లలో ఇంకో తమాషా జరుగుతుంది. నెలంతా బండి ఇంటి నుంచి బజారుకు, బజారు నుంచి బస్టాండుకు... ఇంజిన్ సరిగ్గా వేడెక్కకముందే ఆపేస్తాం. పైగా పాత కార్బురేటర్ బండికి పొద్దున చోక్ లాగి, లోపలికి నెట్టడం మరిచిపోతాం. కాలని పెట్రోలు, నీటి తడి ఆయిల్‌లో కలుస్తాయి. పుల్ల మీద మట్టం నిలకడగా ఉన్నట్టే కనిపిస్తుంది. ఒకరోజు మన్నెగూడ, చేవెళ్ల మీదుగా హైదరాబాద్ పోయొస్తారు. దారిలో ఇంజిన్ బాగా కాగి ఆ పెట్రోలు, నీళ్లు ఆవిరైపోతాయి. మర్నాడు చూస్తే మట్టం అమాంతం దిగి ఉంటుంది. ‘ఒక్క ట్రిప్పుకే అర లీటరు తాగేసింది’ అని కంగారు. నిజానికది నెలరోజుల నుంచి తగ్గుతూనే ఉంది, పెట్రోలు దాన్ని కప్పిపెట్టింది. అందుకే లెక్క ఒక ట్రిప్పుకు కాదు, 1000 కిలోమీటర్లకు.

పోయిన ఆయిల్ ఎటు పోతుంది? కారడమో, కాలడమో. రెంటికీ ఇంజిన్ దించాల్సిన పని ఉండకపోవచ్చు.

కారడాన్ని జనం చిన్నచూపు చూస్తారు. ‘చుక్కే కదా’ అంటారు. ఆ చుక్క లెక్క చూద్దాం. సుమారు ఇరవై చుక్కలు ఒక మిల్లీలీటరు. అంటే లీటరుకు 20,000 చుక్కలు. బండి నడుస్తుండగా 50 మీటర్లకు ఒక్క చుక్క రాలితే, 1000 కిలోమీటర్లకు రాలేవి సరిగ్గా 20,000. లీటరు గోవిందా! పొగ రాదు, ఇంజిన్ చప్పుడు మారదు. రాత్రి ఇంటి ముందు నిలబెట్టినప్పుడు నేల మీద రెండు మరకలే కనిపిస్తాయి, ఎందుకంటే ఇంజిన్ తిరుగుతూ లోపల ఒత్తిడి ఉన్నప్పుడే ఎక్కువ కారుతుంది.

కాబట్టి ముందు ఇంజిన్ శుభ్రంగా కడిగించండి. ఆరాక, అనుమానం ఉన్నచోట ముఖానికి రాసుకునే పౌడర్ చల్లి ఒక యాభై కిలోమీటర్లు తిప్పండి. ఎక్కడ తడిసిందో పౌడరే చెబుతుంది. ఈ పాత మారుతిల్లో మొదట చూడాల్సింది ట్యాపెట్ కవర్ ప్యాకింగు. తర్వాత డిస్ట్రిబ్యూటర్ దగ్గరుండే రబ్బరు రింగు. ఆ పిమ్మట ఆయిల్ ఫిల్టరు, అడుగున డ్రెయిన్ బోల్టు వాషరు, క్రాంకు సీళ్లు. మొదటి రెండూ గంట పని.

సీళ్లు మార్చినా నెలకే మళ్లీ కారుతోందంటే తప్పు సీలుది కాదు, బ్రీదర్ పైపుది. పిస్టన్ల పక్కనుంచి కొంత గ్యాసు ఎప్పుడూ కిందికి జారుతుంది. అది బయటపడే దారి ఈ పైపు. లోపల జిడ్డు పేరుకుని పూడుకుపోతే ఆ ఒత్తిడి ఏదో ఒక సీలును తన్నుకుని బయటికొస్తుంది. విజిల్ రంధ్రంలో పప్పు అడ్డుపడ్డ కుక్కర్ ఏం చేస్తుందో ఇంట్లో అడగండి, చెబుతారు. పైపు విప్పి పెట్రోలుతో కడిగి ఆరబెట్టడానికి పైసా ఖర్చు లేదు. అయినా గ్యారేజీల్లో దీని జోలికి వెళ్లేవాళ్లను నేను చాలా తక్కువ చూశాను.

ఇక కాలడం. నల్లపొగ వస్తే పెట్రోలు ఎక్కువైనట్టు. చలి పొద్దున వచ్చి పోయే తెల్లటి ఆవిరితో బాధ లేదు. నీలం ఛాయ ఉన్న పొగ మాత్రం ఆయిల్‌దే. ఆ నీలిపొగ ఎప్పుడు వస్తోందన్నదే కీలకం. దీనికి మీకు దగ్గర్లోనే దేవుడిచ్చిన పరీక్షశాల ఉంది, అనంతగిరి ఘాట్.

వికారాబాద్ నుంచి తాండూరు రోడ్డు పట్టండి. వెనకాల ఇంకో బండిలో మీ అబ్బాయిని రమ్మనండి. ఘాట్ దిగేటప్పుడు గేర్‌లోనే ఉంచి, యాక్సిలరేటర్ మీంచి కాలు తీసెయ్యండి. అప్పుడు ఇంజిన్ లోపల గాలి పీల్చే గొట్టంలో బలమైన శూన్యం ఏర్పడి, వాల్వు కాడల వెంబడి ఆయిల్‌ను కిందికి లాగుతుంది. దిగిపోయాక యాక్సిలరేటర్ నొక్కగానే గుప్పుమని ఒక నీలిమబ్బు వచ్చి ఆగిపోతే దోషం వాల్వు సీళ్లది. రాత్రంతా ఆగిన బండి పొద్దున స్టార్టు కాగానే ఒక పొగ వదిలినా అదే అర్థం. అలాకాకుండా, తిరిగి ఘాట్ ఎక్కేటప్పుడు ఎక్కినంతసేపూ పొగ వస్తూనే ఉంటే అనుమానం పిస్టన్ రింగుల మీదికి వెళ్తుంది.

ఈ రెంటికీ ఖర్చులో నక్కకూ నాకలోకానికీ ఉన్నంత తేడా. వాల్వు సీళ్లు చిన్న రబ్బరు టోపీలు. ఏళ్ల తరబడి వేడికి గట్టిపడి చిట్లుతాయి. పనితనమున్న మెకానిక్ హెడ్డు కూడా దింపకుండా వాటిని మారుస్తాడు. ప్లగ్గు రంధ్రంలోంచి కాస్త తాడు దూర్చి, పిస్టన్‌ను పైకి తెస్తాడు. వాల్వులు లోపలికి జారిపోకుండా ఆ తాడే ఆపుతుంది. సామాన్లకూ కొరత లేదు. మారుతి 800 తయారీ 2014లో ఆగినా, అదే 796 సీసీ ఇంజిన్‌తో ఓమ్ని వ్యాన్లు 2019 దాకా వచ్చాయి.

రింగుల మీద అనుమానం ఉంటే ఇంజిన్ దించమనే ముందు కంప్రెషన్ పరీక్ష అడగండి. మూడు సిలిండర్లకూ ప్లగ్గులు తీసి గేజీ పెట్టి చూస్తారు. తక్కువ చూపిన సిలిండర్లో ఒక చెంచా ఆయిల్ పోసి మళ్లీ చూస్తారు. రీడింగు బాగా పెరిగితే రింగులో, సిలిండరో అరిగినట్టు. పెరగకపోతే లోపం వాల్వుల దగ్గర. కంప్రెషన్ మూడింట్లోనూ బాగుండి పొగ వస్తోందా, మళ్లీ వాల్వు సీళ్లే చూడాలి. లేదంటే ఆయిల్ గీకే రింగు మసితో బిగుసుకుపోయి ఉండొచ్చు. దానికి మంచి ఆయిల్ వేసి, రెండు మూడుసార్లు మామూలుకన్నా ముందే మార్చి చూస్తే ఒక్కోసారి వదులుతుంది. వదలకపోనూవచ్చు. ఈ పరీక్ష చెయ్యకుండా ‘బోర్‌కొచ్చింది’ అన్నవాడి మాట నేను వినను. చేశాక అంటే వింటాను.

ఆయిల్ గ్రేడు సంగతి. ఈ ఇంజిన్‌కు ఇన్నాళ్లూ వాడుకలో ఉన్నది 20డబ్ల్యూ-40. కొత్త కార్లలో పోసే పలచటి ఆయిల్ ఖరీదెక్కువ కదా అని దీనికి పోస్తే ఇంకా ఎక్కువ తాగుతుంది. తాండూరు ఎండల్లో తిరిగే పాత బండికి 20డబ్ల్యూ-50 ఒకసారి వేసి చూడొచ్చు. డ్రమ్ములోంచి కొలిచి పోసే లూజు ఆయిల్ మాత్రం వద్దు. పొగ ఆపుతామని డబ్బాల్లో అమ్మే చిక్కటి మందు బండి అమ్మేవాడికి వారం రోజులు పనికొస్తుంది, ఉంచుకునేవాడికి కాదు. పై గీత దాటి పోయడమూ తప్పే. క్రాంకు తిరిగేటప్పుడు ఎక్కువైన ఆయిల్‌ను చిలికి నురగ చేస్తుంది. అది బ్రీదర్‌లోంచి వెళ్లి కాలిపోతుంది. ఆ రోజు వృథా అయింది చూసి బండి ఎక్కువ తాగుతోందనుకుని మనం మళ్లీ పోస్తాం!

ఇంతకీ మీ ఇంజిన్ ఎందుకరిగి ఉంటుంది? తాండూరులో బంధువులున్నారని, నెలకు రెండుసార్లు వెళ్తామని రాశారు. నాపరాళ్ల లారీలు, పాలిషింగ్ యూనిట్లు, సిమెంటు ఫ్యాక్టరీలు... అక్కడి దుమ్ము సంగతి నేను చెప్పాలా? ఎయిర్ ఫిల్టర్ చిరిగినా, దాని మూత సరిగ్గా కూర్చోకపోయినా ఆ గాలిలోని ఇసుక రేణువులు నేరుగా సిలిండర్లోకి వెళ్తాయి. రింగులకూ సిలిండర్ గోడకూ మధ్య గరుకు కాగితంలా పనిచేస్తాయి. ఆయిల్‌ను 5000 కిలోమీటర్లకు మార్చే మనిషి కూడా ఫిల్టర్‌ను దులిపి దులిపి మూడేళ్లు వాడతాడు. రింగులు కొత్తవి వేయించినా ఫిల్టర్ పాతదే ఉంటే రెండేళ్లలో మళ్లీ ఇదే ఉత్తరం రాస్తారు. దులపడం మాని కొత్తది వేయించండి. మూత కింద రబ్బరు చుట్టూ అతికిందో లేదో వేలితో తడిమి చూడండి.

ఈ వరస ప్రకారం వెళ్లండి. బ్రీదర్, ట్యాపెట్ ప్యాకింగు, ఎయిర్ ఫిల్టర్ ఈ ఆదివారమే అయిపోతాయి. 1000 కిలోమీటర్ల లెక్క తేలాక ఘాట్ పరీక్ష, అవసరమైతే వాల్వు సీళ్లు. అప్పటికీ లీటరు దగ్గరే ఉండి, కంప్రెషనూ పడిపోయిందంటే మెకానిక్ మాట నిజమని ఒప్పుకుని, అమ్మాలా బోరింగు చేయించాలా అన్నది మీరూ మీ అబ్బాయీ కూర్చుని తేల్చుకోండి. ఈలోగా డిక్కీలో ఒక లీటరు డబ్బా, ఒక గరాటు ఉంచండి. ఆదివారం పేపరు చదివే ముందు గేజీ పుల్ల చూడండి. నోటు పుస్తకంలో 1000 కిలోమీటర్లు నిండాక ఆ పేజీ నకలు నాకు పంపండి.