అద్దె ఇంటి గడపలో ఉదారవాదం

ఉప్పల్ మెట్రో స్టేషన్‌లో దిగి, నాచారం గల్లీల్లో గది కోసం తిరిగే దళిత విద్యార్థికి ఉదారవాదానికీ ప్రగతిశీలతకూ తేడా ఏమిటో ఎవరూ బోధించనక్కర లేదు. టు-లెట్ బోర్డు మీది నంబరుకు ఫోన్ చేస్తే మొదట ఊరడుగుతారు, తర్వాత ఇంటిపేరు. అప్పటికీ తేలకపోతే ‘మీరేమిటోళ్లు?’ అంటారు. ఆపైన, గది నిన్ననే ఎవరికో ఇచ్చేశామన్న జవాబు. అడిగిన పెద్దమనిషి ఛాందసుడు కానక్కర లేదు; అంబేద్కర్ జయంతికి దండ వేసినవాడూ కావచ్చు.

మన చర్చల్లో ఈ రెండు మాటలనూ పర్యాయపదాలుగా వాడేస్తున్నాం. మతోన్మాదానికి ఇద్దరూ ఎదురు నిలుస్తారు గనుక ఆ పొరపాటు ఇంతకాలం చెల్లింది. అద్దె ఇంటి గడపలో చెల్లదు. ఉదారవాది లెక్కలో యజమానికి ఇంటిపై హక్కుంది, వచ్చినవాడికి మరో ఇల్లు చూసుకునే స్వేచ్ఛ ఉంది. ఇద్దరూ సమాన పౌరులే. రాజ్యాంగం 15(2) అధికరణ కూడా దుకాణాలు, హోటళ్లు, బావులు, చెరువులను పేర్కొన్నదే తప్ప అద్దె ఇంటి పేరెత్తలేదు. ఇళ్లు కొన్ని కులాల చేతుల్లోనూ, వెతుకులాట మరికొన్ని కులాల కాళ్లకూ ఎందుకు మిగిలాయన్నది ప్రగతిశీలవాది అడగవలసిన ప్రశ్న.

2024 నవంబర్ 6న రాష్ట్రంలో ఇంటింటి కులసర్వే మొదలైనప్పుడు ‘ఈ కాలంలో కులం అడగడమేమిటి?’ అన్న అభ్యంతరం వినిపించింది. అద్దెకొచ్చినవాణ్ని మొదటి నిమిషంలో అడిగే ప్రశ్నే ఎన్యూమరేటర్ నోట వచ్చేసరికి గోప్యత గుర్తుకు రావడం విచిత్రం! గోప్యతను తేలిగ్గా తీసిపారేయలేం. 2017లో సుప్రీంకోర్టు దాన్ని ప్రాథమిక హక్కుగా నిలబెట్టింది. కానీ ఫోన్లో ఇంటిపేరు చెప్పగానే గది పోగొట్టుకునేవాడికి ఆ హక్కు ఏపాటి అక్కరకొచ్చింది? ముస్లిం బీసీలను కలుపుకొని బీసీలు 56.33 శాతం, ఎస్సీలు 17.43 శాతమని ఆ సర్వే తేల్చింది. లెక్క లేకుండా వాటా అడగడం సాధ్యం కాదు.

అలాగని ప్రగతిశీల శిబిరాన్ని వెనకేసుకు రాలేం. వర్గపోరులో కులం దానంతటదే కరిగిపోతుందన్న వారి నమ్మకాన్ని కారంచేడు (1985), చుండూరు (1991) దళితుల ప్రతిఘటనే కదిలించింది. మాదిగ దండోరా 1994లో లేవనెత్తిన ఎస్సీ వర్గీకరణ తెలంగాణలో చట్టంగా అమలైంది 2025 ఏప్రిల్ 14న. ఆ మూడు దశాబ్దాల్లో దళిత ఐక్యత పేరు చెప్పి ఆ డిమాండును దాటవేసినవారిలో ప్రగతిశీలురూ ఉన్నారు. నాచారం, ఉప్పల్ పారిశ్రామికవాడల్లో గేటు ముందు కార్మికులంతా ఒక్కటేనని నినదించినవారు, షిఫ్టు ముగిశాక ఎవరికి ఎక్కడ గది దొరుకుతున్నదో చూసింది తక్కువ.

అద్దె ఇళ్లలో కులవివక్షను పేరుపెట్టి నిషేధించే చట్టం రాష్ట్రానికి కావాలి. ఉప్పల్ నియోజకవర్గంలో ఓటడగ వచ్చే ప్రతి అభ్యర్థినీ, తాను ఉదారవాదినని చెప్పినా ప్రగతిశీలవాదినని చెప్పినా, అలాంటి బిల్లును శాసనసభలో సమర్థిస్తారా లేదా అని విద్యార్థులు అడగాలి.