జీవకారుణ్య ప్రచారము - ఫలనిర్ణయము

జీవకారుణ్య సంఘముల నివేదికలలో జరిగిన సభలెన్ని, పంచిన కరపత్రములెన్ని, ప్రతిజ్ఞ చేసిన విద్యార్థులెందఱు అను లెక్కలు సాధారణముగా నిండుగ నుండును. వీనివలన నోరులేని ప్రాణికి కలిగిన మేలేమి యను ప్రశ్నకు మాత్రము తఱచుగా జవాబు దొరకదు. ఇవి పడిన శ్రమకు లెక్కలు. కలిగిన ఫలమునకు కావు. నాంపల్లి న్యాయస్థానములలో ఫిర్యాదియే తీర్పు వ్రాసికొందునన్నచో ఎవ్వరును ఒప్పరు. ప్రచారకుడు తనకు తానే జయపత్రము వ్రాసికొన్నచో మనమేల ఒప్పవలెను?

నిజాముల కాలమున, 20వ శతాబ్దపు ప్రథమార్ధమున, జీవరక్షా జ్ఞాన ప్రచారక మండలి గ్రామదేవతల జాతరలలోని జంతుబలులకు వ్యతిరేకముగా హైదరాబాదునందు ప్రచారము సాగించెను. భాగ్యరెడ్డివర్మగారి వంటి సంస్కర్తలు అందు పాటుపడిరి. ఆ సేవ ఘనమైనది. 1950లో చెన్నరాష్ట్రమున జంతు పక్షి బలుల నిషేధ శాసనము పుట్టి, పిమ్మట తెలంగాణమునకును వర్తించినది. దేవాలయమునందును దాని ఆవరణమునందును బలి కూడదని ఆ శాసనము చెప్పును. ఇచట వకీలు కంటికి తోచు చిక్కొకటి కలదు. గుడి ముంగిట తెగవలసిన మేక ఇంటి పెరటిలో తెగినచో, గుమ్మము కడ నిలిచి లెక్కించువానికి బలులు తగ్గినట్లే కాన్పించును. మేకకు మాత్రము భేదము లేదు. ఆచారము మాఱుటయు లాభమే యని వాదింపవచ్చును గాని, దానిని ప్రాణరక్షణ పద్దులో వ్రాయరాదు. ఆ యేడు మేకల వెల హెచ్చి బలులు తగ్గినచో, ఆ కీర్తియు మన కరపత్రమునకు దక్కరాదు. కావున ప్రచారము జరుగని పొరుగూరి జాతరలోను లెక్క తీసి, రెంటిని పోల్చి చూడవలెను.

వీధికుక్కల విషయమున ఈ గుమ్మపు లెక్కయే మరల వచ్చినది. 2023 ఫిబ్రవరిలో అంబర్‌పేటలో నాలుగేండ్ల బాలుడు కుక్కల వాతబడి మరణింపగా నగరమెల్ల తల్లడిల్లినది. కుక్కలకు శస్త్రచికిత్స చేసి, టీకా వేసి, పట్టినచోటనే విడువవలెనను 2001 నాటి నియమముల స్థానమున ఆ యేడే క్రొత్త నియమములు వచ్చెను; పద్ధతి అదియే. 2025 నవంబరు 7న సర్వోన్నత న్యాయస్థానము పాఠశాలలు, ఆసుపత్రులు, రైల్వేస్టేషనులు మొదలగువాని ఆవరణలనుండి కుక్కలను తొలగించి, మరల అచట విడువక ఆశ్రయములకు తరలింపవలెనని ఆజ్ఞాపించెను. నాంపల్లి స్టేషనును, అబిడ్స్‌లోని బడులును ఇట్టి తావులే. స్టేషను గుమ్మము కడ కుక్క కానరాకున్నచో పని నెఱవేఱెనని కొందఱందురు. ఆశ్రయమునకు పోయిన కుక్క బ్రతికినదా, ఆ ఖాళీచోటికి టీకాలేని క్రొత్త కుక్కలు చేరినవా అని చూడక లెక్క ఎట్లు తీరును?

రెండవ పక్షము శస్త్రచికిత్సల సంఖ్య చూపి తృప్తిపడును. వేయింటిలో 700 కుక్కలకు చేసినను, పదివేలలో 700 కుక్కలకు చేసినను కాగితముమీద అంకె ఒక్కటే. రేబీసు వ్యాప్తి నిలువవలెనన్న నూటికి 70 కుక్కలకు టీకా పడవలెనని ప్రపంచారోగ్యసంస్థ చెప్పుచున్నది. లవము చూపి హారము దాచిన భిన్నముతో ఈ నూటికి డెబ్బది తేలునా? కాటు కేసుల అంకెను నమ్ముటలోను జాగ్రత్త వలయును. ప్రచారము బాగుగ సాగినచోట, మునుపు పసుపు అద్దుకొని ఊరకుండినవారును ఆసుపత్రికి పోవుదురు. కాట్లు పెరుగకయే కేసులు పెరుగును.

నిజమైన లెక్కకు గొప్ప ధనము అక్కఱలేదు. అబిడ్స్ పెద్ద తపాలా కార్యాలయము మొదలు నాంపల్లి స్టేషను వఱకు, ప్రక్క సందులతో కూడ, తెల్లవాఱుజామున ఒకే దారిని నడచి, కుక్కలెన్ని, చెవికొన కత్తిరించిన గుర్తు గలవెన్ని, పాలిచ్చు తల్లులెన్ని, పిల్లలెన్ని అని వ్రాసికొనవచ్చును. ప్రచారమునకు ముందొకసారి, పిదప ఏటేట అదే మాసమున. నడచువాడు ఆ సంఘపు జీతగాడు కారాదు. లెక్క ప్రతికూలముగ వచ్చినను, చందాదారులు జాఱిపోదురను భయము లేక ప్రకటింపవలెను. వానలు వెలిసి చలి ప్రవేశించు దినములలో కుక్కపిల్లలు విశేషముగ కాన్పించును గనుక, మొదటి నడక అప్పుడే పెట్టుకొనుట మేలు.