నీళ్ళొచ్చే తొవ్వ సరే, పోయే తొవ్వేది?

ఆర్మూరు పసుపు రైతు గురించి ఎవరు మాట్లాడినా ధర దగ్గర మొదలుపెట్టి బోర్డు దగ్గర ఆగుతరు. తప్పేం కాదు. 2019 లోక్‌సభ ఎన్నికలల్ల నిజామాబాద్ స్థానం నుంచి 178 మంది రైతులు బరిలకు దిగింది ధర కోసమే, బోర్డు కోసమే. మొత్తం అభ్యర్థులు 185 మందైతే దేశమంతా ఇటు తిరిగి చూసింది. 2023 అక్టోబర్‌ల కేంద్రం జాతీయ పసుపు బోర్డు ప్రకటించింది. 2025 జనవరి 14న బోర్డు మొదలైంది. అదే ఏడాది జూన్‌ల నిజామాబాద్‌ల కేంద్ర కార్యాలయం తెరిచిండ్రు. ఇది కొట్లాడి తెచ్చుకున్నది, ఎవరి దయా కాదు. కానీ ధర కంటె ముందు పంట ఉన్నది. పంట కంటె ముందు నేల ఉన్నది. ఆ నేల సంగతి మాట్లాడేటోళ్ళే లేరు.

ఆర్మూరు చుట్టుపక్కల అంతా ఒక్క తీరు నేల కాదు. గుట్టల పొంట ఎర్ర చెల్క, పల్లపు చోట్ల నల్లరేగడి. ఉత్తరానికి నందిపేట, బాల్కొండ దిక్కు గోదావరికి దగ్గరవడ్డకొద్ది, ఇటు వాగుల పొంట పోయినకొద్ది, వరదలు తెచ్చి పోసిన ఒండ్రు నేలలు కనవడ్తయి. వీటిల్ల కొన్ని ఇసుక పాలు ఎక్కువున్న గరప నేలలు. సగానికి పైగా ఇసుక, ఐదో వంతు కన్న తక్కువ బంకమట్టి. తడి మట్టిని పిడికిట్ల పిసికితే ముద్దయితది, వేలితో పొడిస్తే పొడిపొడిగ రాలుతది. నాగలికి సుళువు, దుంప ఊరుటానికి సుళువు, తవ్వుకానికి సుళువు. చూసినోనికి పసుపుకు ఇంతకన్న మంచి నేల లేదనిపిస్తది. వ్యవసాయ పుస్తకాలు సుత అదే చెప్తయి. కాకపోతే దాని పక్కనే ఒక షరతు రాస్తయి: నీళ్ళు నిలువొద్దు.

ఆ షరతు దగ్గరనే మన కథ అడ్డం తిరుగుతున్నది.

ఇసుక నేలల నీళ్ళు నిలుస్తయా అని నవ్వేటోళ్ళున్నరు. ఒక బకెట్ల ఇసుక నింపి నీళ్ళు పోసి చూడుండ్రి. నిలుస్తయి. ఇసుక తప్పు కాదు, బకెట్‌కు అడుగున్నది. నది పక్క నేలకు సుత అట్లాంటి అడుగే ఉంటది. వరద ఉరుకుతున్నప్పుడు ఇసుక వదుల్తది, నిమ్మళించినంక బంకమట్టి వదుల్తది. ఏండ్ల తరబడి అట్ల పొర మీద పొర పడ్డది. పైన రెండు మూడడుగులు ఇసుక గరప, కింద ఒక బంక పొర ఉన్నదంటే వాన నీళ్ళు ఆడిదాక దిగి ఆగుతయి. దానికితోడు వానకాలం నదిల, వాగుల, జలాశయంల నీళ్ళు నిండుగ ఉంటే భూమిల నీటిమట్టం సుత పైకొస్తది. పైనుంచి వాన, కిందనుంచి ఊట. భూమి సపాటుగ ఉంటది కాబట్టి పక్కకు పోయే వాలు లేదు. దీన్నే మన రైతు 'జాలు వట్టింది' అంటడు.

పోయిన వానకాలం నందిపేట దిక్కు ఒక పసుపు చేనుకు పోయిన. మక్కతో కలిపి పెట్టిన పసుపు. ఒడ్డు మీద నిలవడి చూస్తే ఒక చెక్క పచ్చగున్నది, దాని పక్క చెక్క పాలిపోయి ఉన్నది.

"కాకా, గీ చెక్కకు మందెయ్యలేదా?" అన్న.

"దీనికే ఎక్కువేసిన తమ్మీ. మూడు మాట్ల యూరియా సల్లిన. కార్డుల నత్రజని తక్కువుందని రాసిండ్రు" అన్నడు.

గడ్డపార తెచ్చి రెండడుగులు తవ్విండు. మూరెడు లోతుకు పోంగనే మట్టి రంగు మారింది. బూడిద రంగు మట్టి, నడుమ నడుమ తుప్పు మచ్చలు. ఇంకింత దించంగనే గుంతల నీళ్ళు ఊరినయి. ఒక మొక్క పీకి దుంప నొక్కి చూపెట్టిండు. మెత్తగున్నది, వాసనొస్తున్నది. దుంపకుళ్ళు.

ఆ తుప్పు మచ్చలను నేల శాస్త్రం సదువుతది. మట్టిల ఇనుము ఉంటది. గాలి ఆడినప్పుడు అది తుప్పు రంగుకు వస్తది. నీళ్ళు నిలిచి గాలి అందకపోతే రంగు పోయి నేల బూడిదైతది. రెండు రంగులు కలిసి కనవడ్డయంటే ఆ లోతుల నీళ్ళు కొన్ని నెలలు నిలుస్తున్నయి, కొన్ని నెలలు దిగుతున్నయి అని లెక్క. అమెరికా నేల సర్వే వాళ్ళు నీళ్ళు పోయే తీరును బట్టి నేలలను 7 తరగతులు చేసిండ్రు. అండ్ల కింది నుంచి మూడోది ఈ రకం: చిత్తడీ కాదు, ఆరిన నేలా కాదు. ఎండకాలం చూస్తే బంగారమసొంటి భూమి, శ్రావణ భాద్రపదాలల్ల చూస్తే దుంపను చంపే భూమి.

పసుపు ఎనిమిది తొమ్మిది నెలల పంట. జూన్‌ల నాటితే నడుమ వానకాలమంతా భూమిలనే ఉండాలె. దుంపకుళ్ళుకు కారణమైన పిథియం నీళ్ళల్ల ఈదే బీజాలతోని పాకుతది. తడి దానికి తొవ్వ. నీళ్ళు నిలిచిన నేలల వేరుకు గాలందదు, వేసిన నత్రజని కొంత గాలిల కలుస్తది, కొంత కిందికి కడుక్కపోతది. ఆకు పాలిపోతది. రైతు ఇంకో బస్తా తెస్తడు. రోగమొకటి, మందొకటి.

మరి కార్డు ఏం చేస్తున్నది? 2015 ఫిబ్రవరిల కేంద్రం మొదలుపెట్టిన సాయిల్ హెల్త్ కార్డుల 12 అంశాలుంటయి. నత్రజని, భాస్వరం, పొటాష్, గంధకం, జింకు, ఇనుము, రాగి, మాంగనీసు, బోరాన్, ఉదజని సూచిక, లవణాలు, సేంద్రియ కర్బనం. నీళ్ళు ఎంత లోతుల నిలుస్తయి అన్న గడి ఈ 12ల లేదు. పైపైన తీసిన గుప్పెడు మట్టిని లాబుకు పంపితే ఆ మట్టి కింద ఏమున్నదో లాబుకెట్ల తెలుస్తది? నాడి పట్టకుండ మందు రాసినట్టున్నది.

రెవిన్యూ రికార్డుదీ అదే తీరు. నిజాం కాలం నుంచి పహాణీల తరి, ఖుష్కి అనే మాటలే. తరి అంటే నీళ్ళ భూమి, ఖుష్కి అంటే మెట్ట. ఏడాదిల కొన్ని నెలలు ఇది, కొన్ని నెలలు అదైన భూమికి పేరే లేదు. 2020ల ధరణి వచ్చింది, 2025ల దాని జాగల భూభారతి వచ్చింది. రెండూ భూమి ఎవరిదని అడిగేటియే. ఎట్లాంటిదని అడిగే రికార్డు ఏది? జాతీయ నేల సర్వే సంస్థ తయారుచేసిన రాష్ట్ర పటంల ఒక సెంటీమీటరంటే రెండున్నర కిలోమీటర్లు. ఊరికి ఊరు గోరంత జాగల పడుతది. అండ్ల మన కాక చేను యాడ వెతకాలె?

ఇగ అసలు మాటకొస్త. ఇదే గోదావరి కింద డెల్టాల మురుగు కాలువ అనేది పెద్ద వ్యవస్థ. 1960లల్లనే మిత్రా కమిటీ డెల్టా ముంపు మీద నివేదిక ఇచ్చింది. 1968ల కృష్ణా, గోదావరి డెల్టా డ్రైనేజి సెస్సు చట్టమే తెచ్చిండ్రు. తర్వాత బాపట్లల డచ్చి వాళ్ళ సాయంతోని నేల కింద గొట్టాలు పరిచి నీళ్ళు తీసే ప్రయోగాలు చేసిండ్రు. డెల్టా రైతుకు మేలైంది, సంతోషమే. కానీ అదే రాష్ట్రంల, అదే నది మీద, పోచంపాడు కాడ 1963 జులై 26న నెహ్రూ పునాదిరాయి వేసిన ప్రాజెక్టు పక్క రైతు గురించి అట్లాంటి ఆలోచన ఎందుకు రాలే? మనకు నీళ్ళే సరిగ రాలేదు కాబట్టి, పోయే నీళ్ళ ముచ్చట ఎవరూ ఎత్తలే. వాటా కోసం కొట్లాడుడే సరిపోయింది.

2009 డిసెంబర్‌ల కాలేజీ వదిలి రోడ్డెక్కిన వాళ్ళల్ల నేనూ ఒకన్ని. నీళ్ళు, నిధులు, నియామకాలు అని గొంతు పోయేదాక అరిచినం. అండ్ల మొదటి మాట నీళ్ళు. 2014ల రాష్ట్రం వచ్చింది. 2017 ఆగస్టు 10న శ్రీరాంసాగర్ పునరుజ్జీవానికి పోచంపాడు కాడ శంకుస్థాపన చేసిండ్రు. మిషన్ కాకతీయను 2015 మార్చిల అప్పటి మన జిల్లాల సదాశివనగర్ నుంచే మొదలువెట్టిండ్రు. వీటిని నేను తక్కువ చెయ్య. కానీ నీళ్ళు తెచ్చే పథకాలకు పెట్టిన పేర్లు పది చెప్పొచ్చు. పొలం నుంచి నీళ్ళు తీసే పథకం పేరు ఒక్కటి చెప్పుండ్రి? పదేండ్లు ఒక ప్రభుత్వం, తర్వాత ఇంకో ప్రభుత్వం. ఇగ ఎవరినో అనే తొవ్వ మనకు లేదు. అడగాల్సింది మనోళ్ళనే.

2023 జులై ఆఖరి వారంల ఆర్మూరు పక్కనున్న వేల్పూరుల ఒక్క దినంల సుమారు 46 సెంటీమీటర్ల వాన పడ్డది. అట్లాంటి వానకు ఏ భూమైనా మునుగుతది. కాని ముంపు తీసినంక ఏ చేను నాలుగు దినాలల్ల ఆరింది, ఏ చేను నెల రోజులు ఊరింది అన్నదే పంట బతుకును తేల్చేది. పాత ఒర్రెలు దున్ని చేన్లల్ల కలుపుకున్నం. రోడ్లు ఎత్తు చేసినం, తూములు చిన్నగ పెట్టినం. జాలు వట్టిన రైతు పసుపు మీద ఆశ వదిలి వరికి పోతడు. ఆయన మడి కట్టంగనే పక్కోని పసుపుకు జాలు మొదలు. ఒకని బాధ పక్కోనికి పారుతున్నది.

ఈజిప్టును చూడుండ్రి. 1970ల ఆస్వాన్ ఎత్తు డ్యామ్ పూర్తయి ఏడాది పొడుగునా నీళ్ళు పారినయి, నైలు పక్క నేలలు ఊట వట్టినయి. అక్కడి సర్కారు మురుగు కోసమే ఒక ప్రత్యేక సంస్థ పెట్టి లక్షల ఎకరాల కింద గొట్టాలు పరిచింది. నీళ్ళు తెచ్చుడుతో పని సగమే అయితదని వాళ్ళకు అర్థమైంది.

అందుకే అడుగుతున్న. కార్డుల పదమూడో గడి పెట్టుండ్రి: ఎంత లోతుల, ఏ నెలల నీళ్ళు నిలుస్తయి. దానికి లాబు అక్కర లేదు, గడ్డపార చాలు. 5 వేల ఎకరాలకొక వ్యవసాయ విస్తరణాధికారి ఉన్నడు, రాష్ట్రంల 2,601 రైతు వేదికలున్నయి. భాద్రపదంల ఊరికి పది గుంతలు తవ్వి రంగు చూస్తే ఊరి పటం తయారైతది. పసుపు బోర్డు ఎగుమతుల ముచ్చటతో పాటు ఎత్తు మడులకు, ఊరుమ్మడి మురుగు కాలువలకు పైసలు పెట్టాలె. ఒక్క రైతు కాలువ తీస్తే పక్కోని చేన్ల పడ్తది. అందుకే ఇది ఊరి పని, సర్కారు పని. కమ్మర్‌పల్లిల పసుపు పరిశోధన కేంద్రం ఉన్నది. ఏ రకం ఎన్ని రోజుల తడి ఓరుస్తదో రైతుకు అర్థమయ్యే మాటల చెప్పాలె.

ఇది చదివే విద్యార్థులకు, ఉద్యోగులకు ఒక మాట. మీల శానా మంది ఇండ్లల్ల ఇంకా రెండెకరాలో మూడెకరాలో ఉన్నయి. దసరాకు ఇంటికి పోతే ఒక్క పొద్దు చేను కాడికి పోయి రెండడుగులు తవ్వుండ్రి. తుప్పు మచ్చలు కనవడితే బాపుకు చూపెట్టుండ్రి, ఫొటో తీసి ఏఈఓకు చూపెట్టుండ్రి. ఇంకో బస్తా యూరియా కొనకముందు ఒక కాలువ తీసుడు గురించి మాట్లాడుండ్రి.

కందకుర్తి కాడ గోదావరిల కలిసే వాగు పేరు హరిద్ర. హరిద్ర అంటే పసుపే. ఈ నేలల నీళ్ళకే పసుపు పేరు పెట్టుకున్నోళ్ళం మనం. ఆ నీళ్ళే ఇయ్యాల పసుపును కుళ్ళవెడ్తున్నయి. నీళ్ళు మావి అని కొట్లాడి గెలిచినం. ఆ నీళ్ళు మా చేనును ముంచకుండ పోయే తొవ్వ సుత మాదే అని ఇగ అడగాలె.