గీత గీసే చేతికి చదువు అక్కరలేదా?

మన డెల్టా రైతుకు గట్టు విలువ ఎవరూ చెప్పనక్కరలేదు. పొలం గట్టు జానెడు జరిగితే పెద్దమనుషులు కూర్చుంటారు, సర్వేయరు వస్తాడు. రక్త క్యాన్సర్ నిర్ధారణలోనూ అలాంటి గట్టు ఒకటుంది. అది జరిగితే మాత్రం రోగికి తెలియదు, అడిగేవారూ అరుదు.

ఆ పరీక్ష పేరు ఫ్లో సైటోమెట్రీ. రక్తంలోని, ఎముక మజ్జలోని కణాలకు మెరిసే రంగులు తొడిగిన యాంటీబాడీలను కలిపి, ఒక్కొక్క కణాన్నీ లేజర్ కిరణం ముందుగా పంపుతారు. ప్రతి కణమూ కంప్యూటర్ తెరపై ఒక చుక్క అవుతుంది. యంత్రం పని అంతే. ఏ చుక్కల గుంపు వ్యాధిదో, ఏది ఆరోగ్యకరమైనదో గీత గీసి వేరుచేసేది మనిషి. దీనినే గేటింగ్ అంటారు.

ఆ గీత విలువ ఎంతో చూడండి. లింఫోబ్లాస్టిక్ ల్యుకేమియా సోకిన పసివాడికి తొలి విడత చికిత్స ముగిశాక, మజ్జలో జబ్బు ఎంత మిగిలిందో ఈ పరీక్షతో చూస్తారు. సాధారణంగా పాటించే హద్దు 0.01 శాతం, అంటే పదివేల కణాలకు ఒకటి. 5 లక్షల కణాలు లెక్కిస్తే 50 చుక్కలు. చికిత్స తీవ్రతను నిర్ణయించడంలో ఆ 50 చుక్కలది పెద్ద పాత్ర. అయితే కోలుకుంటున్న మజ్జలో పుట్టే లేత బి కణాలు ల్యుకేమియా కణాలను పోలి ఉంటాయి. వాటిని జబ్బనుకుంటే బిడ్డకు అనవసరపు విషం. జబ్బును అవేననుకుంటే ప్రాణానికే ముప్పు.

ఒకసారి నేర్చుకుంటే చాలదా అనవచ్చు. చాలదు. సీడీ19 అనే గుర్తును లక్ష్యంగా చేసుకునే కొత్త మందులు వచ్చాయి. అవి వాడిన రోగి కణాలపై ఆ గుర్తే కనుమరుగు కావచ్చు. పాత అలవాటు ప్రకారం సీడీ19ను నమ్మి గీత గీసేవారికి ఉన్న జబ్బు లేనట్టే కనిపిస్తుంది. మందు మారితే గీత మారాలి. గీత మారాలంటే గీసేవారు చదువుతూ ఉండాలి.

ఆ చదువు సంగతి చూద్దాం. వైద్యుడు ఐదేళ్ళకు కనీసం 30 గంటలు నిరంతర విద్యలో పాల్గొనాలని 2002 నాటి వైద్య నైతిక నియమావళి చెబుతోంది. గంటలు లెక్కించారు గాని, ఆ గంటల్లో ఏమి నేర్చారో లెక్కించలేదు. ఉదయం సంతకం, రెండు ప్రసంగాలు, భోజనం, ధ్రువపత్రం. నేనూ అలా సంతకాలు పెట్టినవాడినే. ప్రసంగం విని ఈత నేర్చుకున్నవాడు లేడు. గీత గీయడమూ అంతే.

సాఫ్ట్‌వేర్ చూసుకుంటుందని కొందరంటారు. ఆ సాఫ్ట్‌వేర్‌కు నేర్పినదీ మనిషి గీతలే. అది తప్పిందని గుర్తించడానికైనా తెలిసిన కన్ను కావాలి.

ఇది అసాధ్యమైన కోరిక కాదు. 2004లో ప్రభుత్వం హెచ్ఐవీ మందులను ఉచితంగా ఇవ్వడం ప్రారంభించినప్పుడు, సీడీ4 లెక్కింపుకు ఇదే విధానం ఆధారమైంది. అప్పుడు పుణేలోని జాతీయ ఎయిడ్స్ పరిశోధన సంస్థ ప్రయోగశాలలకు నమూనాలు పంపి ఫలితాలను సరిపోల్చేది. ఎయిడ్స్ రోగికి దక్కిన ఆ జాగ్రత్త ల్యుకేమియా బిడ్డకు ఎందుకు దక్కకూడదు?

విజయవాడలోని ఆరోగ్య విశ్వవిద్యాలయం, విశాఖలోని హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి, రాష్ట్ర వైద్య మండలి కలిసి చేయదగిన పని ఇది. రోగి పేరు తొలగించిన పాత పరీక్షల ముడి ఫైళ్ళను ప్రయోగశాలలకు పంపండి. ఎవరికి వారు గీత గీయనివ్వండి. నిర్ధారితమైన ఫలితంతో పోల్చి, తప్పు ఎక్కడ జరిగిందో చెప్పండి. అలాంటి గంటలనే లెక్కలో వేయండి. దీనికి కొత్త యంత్రాలు అక్కరలేదు. కంప్యూటర్, ఇంటర్నెట్, ఓపిక చాలు.

పాఠకులారా, మీ వంతు కూడా ఉంది. పెనుగొండలో ఉన్నా పెద్ద నగరంలో ఉన్నా, మీ ఇంట్లో ఎవరికైనా ఈ పరీక్ష జరిగితే నాలుగు మాటలు అడగండి. ఎన్ని కణాలు లెక్కించారు? చుక్కల పటాలు ఇస్తారా? సంతకం చేసిన నిపుణులెవరు? మరొకరి అభిప్రాయం కోసం ముడి ఫైలు భద్రపరుస్తారా? ముఖ్యంగా, వాడిన మందులన్నిటి పేర్లూ ప్రయోగశాలకు తెలపండి.

మన పొరుగునే ఉన్న భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు బృందం అమెరికాలో తయారుచేసిన అమినోప్టెరిన్‌ను, బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ ల్యుకేమియా పిల్లలకు ఇచ్చి 1948లో ఫలితాలు ప్రకటించాడు. మందుకు దారి చూపిన మహనీయుడు పుట్టిన గడ్డ మీద, ఆ జబ్బు మిగిలిందో లేదో సరిగా చూసే కన్నును తయారుచేసుకోలేమా? పొలం గట్టుకు చూపే పట్టుదలలో సగం ఈ గీతకు చూపినా చాలు.