నెగటివ్ వచ్చినా కోలుకోనివారు

కోవిడ్ అత్యవసర పరిస్థితి ముగిసిందని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 మే 5న ప్రకటించింది. మన ఆలయాల్లో మాస్కులు కనిపించడం మానేశాయి. కానీ ఆ జబ్బు పడి లేచినవారిలో కొందరిని ఆయాసం, నీరసం, గుండెదడ ఇంకా విడిచిపెట్టలేదు. "ఎప్పుడో తగ్గిపోయింది కదా" అని వారి మాటను కొట్టిపారేయడం న్యాయం కాదు.

ముక్కు, గొంతు ద్వారా వచ్చే ఈ వైరస్‌ను మనం ఊపిరితిత్తుల జబ్బుగానే చూశాం. అయితే అది కణంలోకి దూరడానికి పట్టుకునే ఏసీఈ2 అనే ప్రోటీన్ గుండె, మూత్రపిండాలు, పేగుల్లోనూ ఉంటుంది. రక్తనాళాల లోపలివైపు ఒక పలుచని పొర ఉంటుంది. రక్తం గడ్డకట్టకుండా సాఫీగా పారేలా చూసేది అదే. ఆ పొర వాచి దెబ్బతింటే నాళాల్లోనే గడ్డలు ఏర్పడతాయి. గడ్డ గుండె నాళానికి అడ్డుపడితే గుండెపోటు, మెదడుకైతే పక్షవాతం వస్తాయి.

కోవిడ్‌తో మరణించిన ఏడుగురి ఊపిరితిత్తులను, ఫ్లూతో మరణించిన ఏడుగురి ఊపిరితిత్తులను వైద్యులు 2020లో పోల్చి చూశారు. అతి సన్నని నాళాల్లో గడ్డలు కోవిడ్ బాధితుల్లో 9 రెట్లు ఎక్కువగా కనిపించాయి. అమెరికాలో కోవిడ్ సోకిన లక్షన్నర మందికి పైగా మాజీ సైనికుల ఆరోగ్య వివరాలను పరిశీలించి 2022లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం, ఆసుపత్రిలో చేరకుండానే కోలుకున్నవారికి కూడా ఏడాది వరకు గుండెజబ్బుల ముప్పు ఎక్కువగానే ఉంది. వారిలో అత్యధికులు పురుషులు, వయసు పైబడినవారు. కనుక ఆ లెక్క అందరికీ యథాతథంగా వర్తించదు. అయినా హెచ్చరిక స్పష్టమే.

భయపడమని మేము చెప్పడం లేదు. ఎక్కువమంది పూర్తిగా కోలుకున్నారు. బీపీ, షుగర్ ఉన్నవారు మాత్రం మందులు మానకూడదు. రక్తం పలుచబడే మాత్రలను డాక్టరు చెప్పకుండా వాడకూడదు. ఛాతీలో నొప్పి, హఠాత్తుగా ఆయాసం, ఒక కాలు వాయడం, మూతి వంకరపోవడం వంటివి కనిపిస్తే వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.

సంఘానికీ ఒక బాధ్యత ఉంది. ఆదివారం ఆరాధనకు రాలేకపోతున్న సహోదరిని చూసి విశ్వాసం చల్లారిందని తీర్పు తీర్చకముందు, ఆమె ఇంటికి వెళ్లి ఆరోగ్యం ఎలా ఉందో అడుగుదాం. ఆమె కోసం ప్రార్థిద్దాం. అవసరమైతే తోడుగా డాక్టరు దగ్గరకు తీసుకెళదాం. ఈ రెండింటిలో ఒకటి చేసి రెండోది మానేస్తే మన పరామర్శ సగమే అవుతుంది.