పత్రికావిద్య: పెట్టుబడియు ప్రతిఫలమును

చదువునకు పెట్టిన సొమ్ము ఏనాటికి తిరిగివచ్చునను ప్రశ్న పెద్దమనుష్యుల సంభాషణలయందు తరచుగా వినబడదు. విద్యను సరుకువలె త్రాసున వేసి తూచుట తగదని మనవారి భావము. కాని బిడ్డను పట్నమునకు పంపుటకై పొలము తాకట్టుపెట్టు రైతు ఈ లెక్క వేసికొనక తప్పదు. పరీక్షాఫలితములు వెలువడు దినములలో రుద్రూరువంటి గ్రామములయందు పెక్కు గృహములలో జరుగు ఆలోచన యిదియే. ఇంజనీరింగు, వైద్యము, వ్యవసాయము అనినచో తండ్రికి కొంత అంచనా కలదు. వ్యవసాయమునకు సంబంధించినంతవరకు చెఱకు, వరి పరిశోధనాస్థానమును, ఆహారసాంకేతిక కళాశాలయు రుద్రూరునందే యున్నవి. వాని ప్రయోజనము కంటి యెదుటనే కలదు. పిల్లవాడు "జర్నలిజము చదివెదను" అనినపుడు మాత్రము తండ్రి తెల్లబోవును. అట్టి తండ్రులకు ఉపకరించుటకై ఈ విషయమును విచారింపదలచితిమి.

పత్రికారచనకు పట్టము అవసరమా యను శంక క్రొత్తది కాదు. 1908లో బొంబాయియందు ఆంధ్రపత్రికను వారపత్రికగా నెలకొల్పి, 1914లో మద్రాసున దినపత్రికగా నడపిన కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు పత్రికారచనలో పట్టము పొందినవారు కారు. 1926లో గోలకొండ పత్రికను స్థాపించిన సురవరము ప్రతాపరెడ్డిగారు న్యాయశాస్త్రము చదివినవారు. అమెరికాలో మిస్సోరి విశ్వవిద్యాలయము 1908లోను, పులిట్జరు ఇచ్చిన ధనముతో కొలంబియా విశ్వవిద్యాలయము 1912లోను ఈ విద్యకు పాఠశాలలు తెరచినవి. హైదరాబాదున ఉస్మానియా విశ్వవిద్యాలయమునకు ఈ శాఖ 1954లో గాని యేర్పడలేదు. ఇచట మఱియొక సంగతి గమనింపదగినది. పంతులుగారి పత్రికకు అమృతాంజనపు రాబడి అండగా నుండెను. అనగా ఆనాడును పత్రిక కేవలము తన యమ్మకముపైననే బ్రతికినది కాదు. అయితే దానిని పోషించిన సొమ్ము ఎచటినుండి వచ్చుచున్నదో లోకమెల్ల నెఱుగును. ఈ మాటను పాఠకులు జ్ఞప్తియందుంచుకొన వేడుచున్నాము.

ఇక వ్యయము మాట. ఉస్మానియాయందుగాని, 2025లో ప్రతాపరెడ్డిగారి పేరు దాల్చిన తెలుగు విశ్వవిద్యాలయమునందుగాని చదువువానికి ప్రైవేటు సంస్థలతో పోల్చిన ఫీజు స్వల్పము. అచట అసలు వ్యయము పట్నవాసమునకగు ఖర్చును, సంపాదింపక గడపిన రెండేండ్ల కాలమును. ప్రైవేటు సంస్థలయందో, ఫీజే లక్షల మీద పలుకుచున్నది. ఒక లెక్క వేసి చూతము. ఐదు లక్షల రూపాయలను ఏటికి నూటికి పది వడ్డీపై బ్యాంకునుండి తెచ్చి, ఏడేండ్లలో తీర్పదలచినవాడు నెలనెలకు సుమారు 8,300 రూపాయలు కట్టవలెను. తీరునప్పటికి చెల్లించినది ఏడు లక్షలకు ఇంచుక తక్కువ. అట్టివానికి నెలకు ఇరువదివేలే రాబడి యైనచో, అందు ఐదింట రెండు వంతులకు మించి వాయిదాకే పోవును. మిగిలినదానితో పట్నమున ఇంటి అద్దె కట్టి అతడు బ్రతుకుటెట్లు?

ఈ చిక్కు మనకే వచ్చినది కాదు. కొలంబియా చదువునకు, బసతో గూడ, నేడు లక్ష డాలర్లకు పైబడి యగుచున్నది. ఆ దేశమున గొప్ప పేరుగల పాఠశాలలనుండి వచ్చినవారిలో సైతము తొలియేండ్ల సంవత్సరాదాయముకంటె తలమీది అప్పే పెద్దదిగా నున్నవారు అనేకులని అచటి ప్రభుత్వ గణాంకములను బట్టి పత్రికలే 2021లో వ్రాసినవి. సంపన్నదేశమునకే ఈ లెక్క కుదరనపుడు మంజీర తీరపు రైతునకు కుదురునా?

రాబడి మాట విచారింతము. హైదరాబాదున సంపాదకవర్గమునందు ఉద్యోగము దొరకినవానికి నెలజీతము కలదు. గ్రామములలో కథ వేఱు. 1985లో మండలములు ఏర్పడినవి. 1989లో ఈనాడు జిల్లా అనుబంధములను ప్రారంభించినది. ఇతర పత్రికలును ఆ మార్గమునే త్రొక్కినవి. మండలమునకొక విలేఖరి కావలసివచ్చెను. 2016లో జిల్లాల పునర్విభజనమునాడు రుద్రూరును మండలకేంద్రమైనది. అనగా అచటను అట్టి విలేఖరికి పని కల్గినది. ఈ పనికి "కంట్రిబ్యూటరు" అని పేరు. వార్త అచ్చయిన కొలతను బట్టి యిచ్చు స్వల్ప ప్రతిఫలమే గాని నియత వేతనము లేనివారు వీరిలో పెక్కురు. ప్రకటనలు తెచ్చినచో దానిపై వంతు ముట్టును. ఏ యొక్క పత్రికనో వ్రేలెత్తి చూపుట మా యుద్దేశము కాదు. ఇది ఈ వృత్తియం దంతటను పాతుకొనిన ఆచారము.

చట్టము లేదా యని యడుగవచ్చును. 1955లోనే వృత్తిపత్రికారచయితల చట్టము వచ్చినది. తుదకు వచ్చిన వేతనసంఘపు సిఫారసులను కేంద్రప్రభుత్వము 2011లో ప్రకటింపగా, సుప్రీముకోర్టు 2014 ఫిబ్రవరిలో వానిని సమర్థించినది. అయినను ఆ చట్టము పత్రికారచన ప్రధానవృత్తిగా గలవానినే లెక్కించినది. గ్రామవిలేఖరికి వేఱొక బ్రతుకుదెరువు కలదని చెప్పి అతనిని వెలుపల నుంచుట సులభమైనది. జీతమీయనందున అతడు వేఱుపని చూచుకొనవలసివచ్చెను. వేఱుపని యున్నదని జీతమీయకపోయిరి! ఈ చక్రమునకు అంతమెక్కడ?

పట్టమునకు పెట్టిన సొమ్ము తిరిగిరాకున్న నష్టపోవునది ఒక్క కుటుంబమే యని తలచుట పొరపాటు. 1931లో పూర్తియైన నిజాంసాగరు నీరు కాలువ చివరి పొలములకు అందుచున్నదా? 1937లో నెలకొల్పబడి, 2002లో ప్రైవేటు యాజమాన్యము క్రిందికి పోయి, 2015 డిసెంబరులో మూతపడిన బోధను చక్కెర కర్మాగారము గతి యేమి? ధాన్యము తూకమున తరుగు ఎంత తీయుచున్నారు? వీనిని అడిగి, కాగితములు చూచి, నిర్భయముగా వ్రాయవలసినవాడు ఆ విలేఖరియే. అతని నెల గడచుట ప్రకటనలమీద నాధారపడినపుడు, పండుగనాడు ప్రకటన నిచ్చిన నాయకునిగూర్చియు మిల్లుయజమానినిగూర్చియు అతడేమి వ్రాయగలడు? ధైర్యముతో వ్రాయువారును కలరు. వారికి మా నమస్కారము. కాని ఒక వ్యవస్థ వ్యక్తుల త్యాగముపైననే నిలువరాదు. పంతులుగారి పత్రికను పోషించినది తలనొప్పి మందు. దానిని కొన్నవాడు వార్తను దాచుమని కోరినవాడు కాడు. నేటి గ్రామవిలేఖరిని పోషించువాడో, వార్తయందలి పాత్రయే యగుచున్నాడు.

కావున మా సలహా యిది. పత్రికారచనయం దాసక్తిగల యువకుడు మొదట వ్యవసాయము, న్యాయము, అర్థశాస్త్రము వంటి ఒక శాస్త్రమును చక్కగా నేర్చుకొనవలెను. కాలువ లెక్క తెలియనివాడు కాలువనుగూర్చి వ్రాయలేడు. పిమ్మట విశ్వవిద్యాలయమున తక్కువ ఫీజుతో చదువవచ్చును. లేదా శిక్షణకాలమునందే భృతి నిచ్చు పత్రికాపాఠశాలల ప్రవేశపరీక్షకు కూర్చుండవచ్చును. పొలము తాకట్టుపెట్టి ప్రైవేటు సంస్థకు లక్షలు ధారపోయుట మాత్రము వలదు. చేరకముందే తండ్రి ఆ సంస్థ నొక్క ప్రశ్న అడుగవలెను: గత సంవత్సరము చదువు ముగించినవారిలో నెలజీతముపై నున్నవారు ఎందరు? సమాధానము చెప్పనిచోట సొమ్ము కట్టనేరాదు.

పాఠకులకును ఒక్క మాట. గ్రామవార్త ఉచితముగా వచ్చుచున్నదని మనము సంతసించుచున్నాము. దాని వెల చెల్లించువారు ఎవరో యున్నారు. చెల్లించినవారు తమ పని చేయించుకొనకపోరు. తమ యూరి విలేఖరి జీతమునుగూర్చి పత్రికలను ప్రశ్నించు హక్కు చందాదారులకు కలదు. కూలికి కూలి యిచ్చుట న్యాయమని యెఱిగిన రైతులోకము, నిజము వ్రాయువానికి కూలి లేకుండుటను సహింపరాదు.